మాల్డన్‌లో బ్రిత్‌నాథ్‌ది ఒట్టి గర్వమేనా?

991 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని మాల్డన్ దగ్గర ఇంగ్లిష్ సేనాని బ్రిత్‌నాథ్ గర్వానికి పోయి, ఓడల్లో వచ్చి దోచుకునే వైకింగ్‌లకు దారి వదిలాడనీ, అందుకే ఓడాడనీ ఈ యుద్ధం మీద మీరు వేసిన వ్యాసంలో తేల్చేశారు, నాకు మాత్రం అది న్యాయంగా అనిపించలేదండీ. వైకింగ్‌లు దిగింది నీళ్ల మధ్య దిబ్బ మీద, అక్కడి నుంచి ఒడ్డుకు ఒకటే సన్నటి బాట, అదీ ఆటు సమయంలోనే బయటపడుతుంది, పోటు వస్తే మునిగిపోతుంది. ఆ బాటను బ్రిత్‌నాథ్ యోధుడు వుల్ఫ్‌స్టాన్, ఇంకో ఇద్దరు కలిసి ముగ్గురే కాపాడారని ఈ యుద్ధం గురించిన పాత ఇంగ్లిష్ పద్యం చెబుతుంది. నిజమే, అలాగే ఆపి ఉంచొచ్చు.

కానీ తర్వాత? ఓడలున్నవాళ్లు, అప్పటికే ఇప్స్‌విచ్ పట్టణాన్ని దోచుకుని వచ్చినవాళ్లు, ఇక్కడ కుదరకపోతే మరో ఊరి మీద పడతారు కదా. సైన్యం చేతిలో ఉన్నప్పుడే తేల్చుకుందామనుకుని ఉంటాడు.

అసలు దెబ్బ కొట్టింది బ్రిత్‌నాథ్ సొంత అనుచరుడు గోడ్రిక్. బ్రిత్‌నాథ్ పడిపోగానే ఆయన గుర్రమే ఎక్కి అడవిలోకి పారిపోయాడు, దూరం నుంచి ఆ గుర్రాన్ని చూసినవాళ్లు మన నాయకుడే వెళ్లిపోతున్నాడనుకుని చెల్లాచెదురయ్యారు. ఎన్నో బహుమానాలు ఇచ్చిన మనిషికి అతను చేసింది అదీ! ఆ ఏడాదే ఇంగ్లిష్ వాళ్లు వైకింగ్‌లకు 10,000 పౌండ్ల కప్పం కట్టారు. వ్యాసంలో గోడ్రిక్ పేరే లేదు, దయచేసి చేర్చండి.