సవరణ: పురంజనుడి కథలో నగరం ఆత్మ కాదు, దేహం

కవిత్వంలో ఊళ్లూ కోటలూ జీవుడికి గుర్తులుగా ఎలా వస్తాయన్న మొన్నటి పోస్టులో, భాగవతం నాలుగో స్కంధంలోని పురంజనోపాఖ్యానం గురించి ‘ఆ నగరమే ఆత్మ’ అని ఉంది. దాన్ని ‘ఆ నగరం దేహం, అందులో కాపురమున్న రాజు పురంజనుడు జీవుడు’ అని చదువుకోవాలి.

తేడా చిన్నది కాదు. అది తొమ్మిది వాకిళ్ల ఊరు. తూర్పున అయిదు: రెండు కళ్లు, రెండు ముక్కుపుటాలు, నోరు. దక్షిణాన ఒక చెవి, ఉత్తరాన ఒకటి. పడమట కింది ద్వారాలు రెండు. రాణి బుద్ధి. ఊరిని కాసే అయిదు తలల పాము ప్రాణం. ముట్టడికొచ్చే చండవేగుడు సంవత్సరం. అతడి వెంట ఉన్న 360 మంది గంధర్వులు పగళ్లు, అంతమంది గంధర్వ స్త్రీలు రాత్రులు. ఎంత గొప్ప ఊహ! చివరికి ఊరు కూలుతుంది, జీవుడు మరో జన్మ ఎత్తుతాడు. నగరమే ఆత్మ అనుకుంటే కథంతా తలకిందులవుతుంది.

ఇక మన గోలకొండ. ఆ పేరాలోనే రామదాసు చెర ప్రస్తావన ఉండటంతో అదీ ప్రతీకే అన్న అర్థం వచ్చింది. కాదు. కంచర్ల గోపన్న తానీషా కాలంలో నిజంగా బందీ అయిన మనిషి. ఆయన పాటలో సీతమ్మ చింతాకు పతకానికి పట్టిన పదివేల వరహాల లెక్క ఉంది, దెబ్బలకు ఓర్వలేక రాముణ్ణి తిట్టడమూ ఉంది. ఆయన్ని బంధించిన చెరసాలవి నిజమైన రాతిగోడలే. వాటిని వేదాంతంగా మార్చెయ్యడం నాకు ఇష్టం లేదు. అందుకే పోస్టులో ఆ రెండు భాగాలనూ విడదీశాను.