సూదికి పండని పెద్దాయన

మత్తు డాక్టర్ అడిగే ప్రశ్నలన్నిటిలోకీ పాలమూరు వైపు నిజమైన జవాబు రానిది ఒక్కటే: "కల్లు తాగుతరా?"

"ఎప్పుడన్న పండుగకు ఒక సీస సార్" అంటాడు పెద్దాయన. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య ఫ్యాన్ దిక్కు చూస్తుంది. అనుభవమున్న డాక్టర్ ఆయన మాట వింటాడు గానీ, కాగితం మీద ఆమె చూపునే రాసుకుంటాడు.

నోట్లోంచి కడుపులోకి పైపు వేసి చూసే ఎండోస్కోపీకి మామూలుగా మిడజోలాం అనే మత్తు మందు ఒకటి రెండు మిల్లీగ్రాములు నరంలోకి మెల్లగా ఎక్కించి, రెండు నిమిషాలు ఆగి చూస్తారు. చాలామందికి ఆపాటికి రెప్పలు వాలతాయి. పెద్దాయన మాత్రం "సూది ఇంక ఇయ్యరా?" అని అడుగుతాడు. ఇంకో మిల్లీగ్రాము పడుతుంది. ఈసారి కళ్ళు మూతపడవు, నోరు తెరుచుకుంటుంది. సగం మత్తులో అదుపు సడలి వాగడం ఈ మందుకు మామూలే. పండుగ సీస కాస్తా పొద్దున రెండు, మాపటికి మూడు అయిందన్న లెక్క అప్పుడే బయటపడుతుంది. తలుపు దగ్గర ఆమెకు అది కొత్త సంగతేం కాదు.

కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపాం అనే నిద్రమత్తు మందులు. మిడజోలాం వాటికి సొంత తమ్ముడు. ఏళ్ళ తరబడి అన్నలతో కాపురం చేసిన మెదడు తమ్ముణ్ణి చూసి బెదరదు. అట్లని సిరంజి మొత్తం ఒక్కసారే నొక్కితే ఊపిరి మందగిస్తుంది. ఎక్కువైతే విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఉంది గానీ, అలవాటు పడ్డ మనిషికి అదిస్తే ఫిట్స్ రావచ్చు. అందుకే కొంచెం కొంచెమే ఇచ్చుకుంటూ, వేలికి తగిలించిన ఆక్సిజన్ క్లిప్పు మీద కన్నేసి ఉంచుతారు. ఆ పూటే తాగి వచ్చిన వాడి లెక్క ఇంకో తీరు: తక్కువ మందుకే ఒరుగుతాడు, పైగా వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. "ఆరు గంటలు అన్నం ముట్టలే సార్, కల్లు నీళ్ళే గద" అన్న వాదన ఇక్కడ చెల్లదు. డాక్టర్‌కు భయపడి కల్లు ఒక్కసారే బందు పెట్టినా తంటానే. రెండో మూడో రోజుకు చేతులు వణుకుతాయి, లేని చీమలను గోడ మీద ఏరుతుంటాడు. మంత్రం వేయించాలని చుట్టాలు బయలుదేరుతారు.

అన్ని పాపాలూ కల్లుకే అంటగట్టడం అన్యాయం. పన్ను పీకించుకునే కుర్చీలో మత్తు ఎక్కకపోతే నేరం ఎక్కువగా చీముది. చీము పట్టిన చోట ఆమ్లం ఎక్కువ కాబట్టి మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ నరంలోకి సరిగా దిగదు. కింది దవడ పన్నుకైతే సూది నోట్లో బాగా వెనక్కి పెట్టి నరాన్ని అందుకోవాలి, కాస్త గురి తప్పినా అంతే. కింది పెదవి ఆ పక్క మొద్దుబారిందాకా, అయిదు పది నిమిషాలు ఆగాలి. ఆగకుండా పట్కారు పెడితే "ఓయవ్వో!" అన్న కేక మిర్యాలగూడ బస్టాండు దాకా వినపడుతుంది. మత్తు ఎక్కలేదని సూది మీద సూది పొడవడానికీ హద్దుంది: రెండు శాతం మందు మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములుంటుంది, మందు అక్కడే నిలవడానికి అడ్రినలిన్ కలిపినా మనిషి బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు దాటొద్దు.

నల్లగొండ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన నడుములది వేరే గోస. వెన్నుపూసల మధ్య పట్టీలు ఎముకలాగా గట్టిపడి, నడుములో మత్తు సూది దూరడమే కష్టం. మందును తిట్టి లాభం లేదు, అది చేరాల్సిన చోటికి చేరితే గదా!

ఇక మన పెద్దాయనకు మూడు, నాలుగు విడతలకు కళ్ళు మూతపడి పరీక్ష అయిపోతుంది. పైపు తీసిన పావుగంటకు లేచి కూర్చుంటాడు. 24 గంటలు బండి నడపొద్దు, భూమి కాగితాల మీద సంతకం పెట్టొద్దు అని నర్సమ్మ చెప్తుంటే నవ్వుతాడు. "నాకు ఎక్కనే లేదమ్మా, ఆ తాళం ఇటియ్యి" అని కొడుకు జేబులో చెయ్యి పెడతాడు. జరిగింది గుర్తుండకుండా చేయడం కూడా మిడజోలాం పనే. అందుకే తాళం దొరకక మళ్ళీ డాక్టర్ వైపు తిరుగుతాడు: "ఇంతకూ పైపు ఎప్పుడేస్తరు సార్? జడ్చర్ల బస్సు పోతది."