చాపెల్ కట్టేటప్పుడు ముందు వెయిటింగ్ రూమ్ గీయండి

శ్మశానవాటికలో చాపెల్ (అంత్యక్రియల ప్రార్థన మందిరం), క్రిమెటోరియం (యంత్రంతో దహనం చేసే చోటు) కట్టాలంటే ఆర్కిటెక్టులు ముందు గీసేది ముఖద్వారం. ఎత్తైన గోడ, పైనుంచి పడే వెలుగు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. నన్నడిగితే ముందు గీయాల్సింది వెయిటింగ్ రూమ్, ఆ తర్వాత బయటికి వెళ్లే తలుపు.

అక్కడికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు చేసేది ఎదురుచూడటమే. ఫర్నేస్ 800 నుంచి 1000 డిగ్రీల వేడి మీద పనిచేసినా ఒక దహనానికి గంటన్నర అటూ ఇటూ పడుతుంది. ఈలోగా తర్వాతి కుటుంబం వచ్చేస్తుంది. ఒకే తలుపు ఉంటే ఏడ్చి బయటికొచ్చేవాళ్లూ, ఏడవడానికి లోపలికెళ్లేవాళ్లూ అక్కడే ఎదురుపడతారు. సొంత మనిషిని సాగనంపుతూ టోకెన్ పట్టుకుని క్యూలో నిలబడ్డట్టు ఉంటుంది.

స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉన్న స్కోగ్‌షిర్కోగార్డెన్ అనే శ్మశానవాటికలో దీన్ని వందేళ్ల కిందటే ఆలోచించారు. దాని డిజైన్ కోసం పెట్టిన పోటీలో 1915లో గెలిచిన ఆర్కిటెక్టులు గున్నార్ ఆస్ప్లుండ్, సిగుర్డ్ లెవెరెంట్జ్ దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1925 నాటి లెవెరెంట్జ్ చాపెల్లోకి ఉత్తరం వైపు నుంచి వెళ్తారు, పడమటి తలుపులోంచి బయటికొస్తారు. వచ్చిన దారినే వెనక్కి నడిచే పని లేదు. 1940లో పూర్తయిన ఆస్ప్లుండ్ క్రిమెటోరియంలో మూడు చాపెళ్లున్నాయి, దేని వెయిటింగ్ రూమ్ దానిదే. పెద్ద చాపెల్లో నేల శవపేటిక వైపు కొద్దిగా వాలుగా ఉంటుంది. ముందున్న గాజు గోడను నేలలోకి దించేస్తే హాలు బయటి మంటపంతో కలిసిపోతుంది. (అదే ఏడాది ఆస్ప్లుండ్ పోయారు. ఆయన సమాధి కూడా అక్కడే.)

డబ్బు సరిపోలేదంటే ముందు కోత పడేది ఇలాంటి వాటికే. గోడకి పాలరాయి మాత్రం అలాగే ఉంటుంది! నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇక యంత్రాల సంగతి. పుచ్చిపళ్లలో నింపే అమాల్గమ్ అనే లోహ మిశ్రమంలోని పాదరసం పొగలో కలుస్తుంది. దాన్ని పట్టే ఫిల్టర్లకీ, పొగని చల్లార్చే పరికరాలకీ బోలెడు చోటు కావాలి. మొదటి ప్లాన్‌లో అది లెక్కలోకి రాదు, చివర్లో వెనకాల ఒక రేకుల షెడ్డు అతికిస్తారు. చిమ్నీని దాచడానికి పడే అవస్థ వేరే. దహనం జరిగే చోటని అందరికీ తెలిసినప్పుడు దాపరికం ఎవరి కోసం? సరిగ్గా కట్టిన చిమ్నీ కనబడితే తప్పేం లేదు.

ఫర్నేస్ దగ్గర రోజంతా పనిచేసేవాళ్ల గురించి అయితే ఎవరూ అడగరు. ఆ గదికి వెలుతురొచ్చే కిటికీ ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.