సుసాన్ బాయిల్ మీద నా ఫిర్యాదు

ఫిర్యాదు కాస్త ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. ఘటన జరిగింది 2009 జనవరిలో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, సుమారు 3,000 మంది పట్టే క్లైడ్ ఆడిటోరియంలో. లోకానికి తెలిసింది ఏప్రిల్ 11న, ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ అనే ప్రతిభా పోటీ టీవీలో వచ్చినప్పుడు. నిందితురాలు సుసాన్ బాయిల్. వయసు 47. పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు. వెస్ట్ లోథియన్‌లోని బ్లాక్‌బర్న్ అనే ఊళ్లో పెబుల్స్ అనే పిల్లితో కాపురం. నేరం ఏమిటంటే, పాట రాని మనిషిలా కనిపిస్తూ పాట పాడడం.

ఇందులో నేరమేముందని కొందరు అమాయకులు అడుగుతారు. వాళ్ల కోసం మొదట్నించీ చెబుతాను.

మొహం చూసి బొట్టు పెట్టమన్నారు మన పెద్దలు. బొట్టు పెట్టాక మొహం చూడమనలేదు. ఈ చిన్న సూత్రం మీదే మన పెళ్లిళ్లూ, హోటళ్లూ, నగల కొట్లూ సాఫీగా నడిచిపోతున్నాయి. మెడలో బరువైన గొలుసున్నావిడ లోపలికి రాగానే కూల్‌డ్రింకు వస్తుంది. చేతిలో గుడ్డసంచి ఉన్నావిడకి ‘ఏం కావాలమ్మా?’ అన్న ప్రశ్న వస్తుంది, అదీ గుమ్మం దగ్గరే. ఎవరికీ ఇబ్బంది లేదు. గుడ్డసంచిలో డబ్బుందేమోనని ప్రతిసారీ అనుమానపడుతూ కూర్చుంటే ఇక వ్యాపారం చేసినట్టే.

నేనూ ఈ శాస్త్రంలో చెయ్యి తిరిగినవాణ్నే. ఓసారి శ్రీరామనవమి పందిట్లో, కచేరీకి ముందు, వేదిక పక్కన కుర్చీలో ఒకాయన కనిపించాడు. పట్టు లాల్చీ, భుజాన జరీ కండువా, నుదుట గంధం మధ్యలో కుంకుమ, నాలుగు వేళ్లకి ఉంగరాలు. కళ్లు అరమూసుకుని తల చిన్నగా ఊపుతున్నాడు. వెళ్లి వంగి నమస్కారం పెట్టి, “ఈవేళ వర్ణంతోనే మొదలెడతారాండీ?” అని అడిగాను. “అది పాడేవాళ్లనడగాలండి. జనరేటర్ మనది,” అన్నాడాయన. తల ఊపింది దాని మోత వింటూనట. లోపల ఎక్కడో కొట్టుకుంటోందని అనుమానం. అసలు పాడాల్సినాయన మామూలు చొక్కా ప్యాంటులో వెనకాల నిలబడి కాఫీ కోసం చూస్తున్నాడు. ఆయన్ని నేను అప్పటికే “కాస్త జరుగు బాబూ” అని ఉన్నాను. ఇందులో నా తప్పేమీ లేదు. తప్పు ఆ లాల్చీది.

ఇక గ్లాస్గోకి వద్దాం. దువ్వెనకి లొంగని జుట్టు, ఒత్తు కనుబొమలు, ఏ పేరంటానికో దాచుకున్నట్టున్న లేత బంగారురంగు లేసు గౌను. ఇలా వచ్చింది ఆవిడ వేదిక మీదికి. మీ ఊరు పెద్దదేనా అని జడ్జీ సైమన్ కొవెల్ అడిగితే అదొక... అదొక... అని వెతుక్కుని, చివరికి పల్లెల గుంపు అంది. వయసు చెప్పింది. హాల్లో ఈలలు. ఇది నాలో ఒక కోణం మాత్రమే అని నడుం ఊపింది. జడ్జీల మొహాలు చిట్లాయి. ఏమవుదామనుకుంటున్నావంటే ప్రొఫెషనల్ సింగర్ అంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు కుదర్లేదంటే, ఇదివరకెప్పుడూ ఎవరూ అవకాశం ఇవ్వలేదంది. ఎవరంత పేరు తెచ్చుకోవాలనుందంటే ఎలైన్ పేజ్ అంది. లండన్ సంగీత నాటకాల్లో ఎలైన్ పేజ్‌ది మహారాణి హోదా. మన టీవీ వేదిక మీదికి నలభై ఏడేళ్లావిడ వచ్చి ‘నేను సుశీలమ్మంత అవుతాను’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ మాటల మధ్యలోనే కెమెరా జనంలోకి వెళ్లి, కళ్లు తిప్పుతున్న ఒక అమ్మాయిని పట్టుకుంది. తర్వాత ప్రపంచమంతా ఆ పిల్లని తిట్టిపోసింది. చాలా అన్యాయం. హాలంతా మనసులో తిప్పుకున్న కళ్లని, పాపం, అందరి తరఫునా పైకి తిప్పింది ఆ అమ్మాయి.

అప్పుడు పాట మొదలైంది. ‘లే మిజరాబ్ల’ సంగీత నాటకంలోది. ఒకప్పుడు కలలు కన్నాను, బతుకు వాటిని చంపేసింది అని ఒక దిక్కులేని స్త్రీ పాడుకునే పాట. మొదటి లైను ముగిసేసరికి చప్పట్లు. పాట పూర్తయ్యేసరికి జనం కాళ్ల మీద ఉన్నారు.

వాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. టికెట్ తీసుకుని, తీరుబడిగా కూర్చుని, నవ్వడానికి సిద్ధం చేసి పెట్టుకున్న మొహం. దాన్ని అరక్షణంలో కన్నీళ్లకి మార్చుకోవాలంటే ఎంత కష్టం! ఒక వయసు దాటాక అది దవడలకీ మంచిది కాదు.

పైగా ఆవిడకి పద్ధతులు కూడా తెలియవు. పాట అయిపోగానే జనానికి ఒక ముద్దు విసిరి, చక్కా లోపలికి నడిచింది. తీర్పు కోసం ఆగాలన్న ధ్యాసే లేదు. వెనక్కి పిలవాల్సొచ్చింది. పాడడానికి వచ్చినవాళ్లు పాడేసి వెళ్లిపోతే జడ్జీలెందుకు, కుర్చీలెందుకు? వెనక్కి వచ్చాక ముగ్గురూ మాట్లాడారు. ఈ మూడేళ్లలో నాకు కలిగిన అతి పెద్ద ఆశ్చర్యం ఇదేనన్నాడు పియర్స్ మోర్గాన్. అందరూ మీకు వ్యతిరేకంగా ఉన్నారని నాకు తెలుసు, ఇది మాకు గొప్ప మేలుకొలుపు అంది అమండా హోల్డెన్. సైమన్ కొవెల్ మాత్రం, మీరు వేదిక మీద అడుగుపెట్టగానే ఏదో అద్భుతం వినబోతున్నామని నాకు తెలుసన్నాడు. ఆ అబద్ధాన్ని అంత నిబ్బరంగా చెప్పడానికి కూడా టాలెంట్ కావాలి. తల ఎత్తుకుని మీ పల్లెకి తిరిగి వెళ్లొచ్చని కూడా దీవించాడు. అంతకుముందు ఆవిడ తల దించుకుని తిరిగేదని ఆయనకి ఎవరు చెప్పారో!

మేలుకొలుపు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, ఇదే షోలో, ఇదే ముగ్గురి ముందుకి పాల్ పాట్స్ అనే మొబైల్ ఫోన్ల సేల్స్‌మన్ వచ్చాడు. నలిగిన సూటు, బెరుకు చూపులు. ఒపేరా పాడతానన్నాడు. అప్పుడూ జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను పాడాక అప్పుడూ జనం లేచి నిలబడ్డారు, కళ్లు తుడుచుకున్నారు. ఆ ఏడాది విజేత అతనే. 2007లో మేలుకున్నవాళ్లు 2009 లోగా మళ్లీ ఎప్పుడు పడుకున్నారన్నది నాకు తెగని చిక్కు. సుప్రభాతానికైనా రోజుకొక్కసారే లేస్తాం కదా.

ఇంకో సంగతి. ఇలాంటి షోలలో దారిన పోయేవాళ్లు నేరుగా జడ్జీల ముందుకి రారు. ముందే నిర్మాతల మనుషులు పాట విని, ఏరి పంపిస్తారు. అంటే ఆ భవనంలో సుసాన్ గొంతు ఎలాంటిదో తెలిసినవాళ్లు ఉన్నారు. తెలిసే, ఆవిడ శాండ్‌విచ్ తినడం, పిల్లి సంగతి, ఇంతవరకూ తననెవరూ ముద్దు పెట్టుకోలేదన్న మాట, ఇవన్నీ పాటకి ముందు చూపించారు. దీన్ని మోసం అనకండి. పకోడీ వేసే ముందు నూనె కాగాలి.

అసలు ఆవిడ గొంతేమీ ఆ రోజు కొత్తగా మొలవలేదు. చర్చిలో పాడుతూనే ఉంది. 1999లో వెస్ట్ లోథియన్‌లో ఒక ధర్మకార్యం కోసం సీడీ వేస్తే అందులో ఒక పాట పాడింది. అచ్చు వేసినవి 1,000 ప్రతులు. విన్నవాళ్లు విన్నారు, బాగుందన్నారు, గిన్నెలు కడుక్కున్నారు. సీడీలో మొహం కనపడదు కాబట్టి ఆశ్చర్యపోవడానికి ఏమీ దొరకలేదు. ఆశ్చర్యం లేకపోతే వార్త లేదు. పదేళ్ల తర్వాత అదే గొంతుకి ఆ జుట్టునీ ఆ గౌనునీ జతచేసి చూపిస్తేనే ప్రపంచం కుర్చీలోంచి లేచింది.

ఇక్కడ నన్ను కాస్త ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటుంది. ఆ రోజు ఆవిడ ఓ మోస్తరుగా పాడి ఉంటే? అదే కనుబొమలు, అదే నడుం ఊపు, గొంతు మాత్రం మీలా నాలా. అప్పుడు మేలుకొలుపులు ఉండేవి కావు. నవ్విన వాళ్ల నవ్వు న్యాయంగానే చెల్లిపోయేది. కళ్లు తిప్పిన అమ్మాయిని ఎవరూ వెతికేవారు కాదు. అంటే మనిషిని చూసి నవ్వినందుకు మనం బాధపడలేదు. పందెం ఓడినందుకు బాధపడ్డాం. మొహం బాగాలేనివాళ్లకి మనం పెట్టిన షరతు చాలా సులువైనది: ప్రపంచంలోనే గొప్పగా పాడితే చాలు, మనిషిగా చూస్తాం. మొహం బాగున్నవాళ్లు శ్రుతి తప్పితే మాత్రం ‘పాపం టెన్షన్ పడ్డట్టుంది’ అనుకుంటాం.

కొన్ని రోజులకి ఆవిడ జుట్టుకి రంగు వేయించుకుంది, కనుబొమలు తీర్చుకుంది, కొత్త జాకెట్ తొడుక్కుంది. పత్రికలకి కోపం వచ్చింది. ఆవిడకి సింగారాలు చేస్తే అంతా పాడైపోతుందని ఒక జడ్జీ కూడా బెంగపడింది. ఎందుకు తయారవలేదని నవ్వినవాళ్లే ఎందుకు తయారయ్యావని నిలదీశారు. ఇందులో వైరుధ్యం లేదు. మామిడికాయని ఊరగాయ కోసమని కొన్నాక, అది పండిపోతే ఎవరికి ఒళ్లు మండదు?

మే 30న ఫైనల్లో ఆవిడ రెండో స్థానంలో నిలిచింది. గెలిచింది డైవర్సిటీ అనే డాన్స్ బృందం. మర్నాడే సుసాన్ అలసటతో లండన్‌లో ఆసుపత్రిలో చేరింది. ఆ నవంబరులో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. ఒక్క అమెరికాలోనే మొదటి వారం 7 లక్షల ప్రతులు. ఆ డబ్బుతో తను పెరిగిన ప్రభుత్వ ఇంటినే కొనుక్కుంది. ఇంకొకటి ఆవిడే 2013లో బయటపెట్టింది. పుట్టినప్పుడు మెదడు దెబ్బతిందని చిన్నతనంలోనే చీటీ అంటించారు. బడిలో ‘సూసీ సింపుల్’ అని ఏడిపించారు. యాభై దాటాక పరీక్ష చేస్తే తేలింది ఆటిజంలో ఒక రకమైన ఆస్పెర్గర్స్ సిండ్రోమ్ అని, తెలివి సగటుకన్నా ఎక్కువేనని. చూశారా, మన శాస్త్రాన్ని డాక్టర్లు కూడా పాటిస్తారు.

నిజానికి ఈ గొడవంతా పాశ్చాత్యులకి సినిమా తీయడం మనంత బాగా రాకపోవడం వల్ల వచ్చింది. మనవాళ్లు ఈ సమస్యని ఎప్పుడో పరిష్కరించారు. పాడేవాళ్లు ఒకరు, పెదవులు కదిపేవాళ్లు ఒకరు. ఒకే ఘంటసాల గొంతు ఎన్టీఆర్ మొహంలోంచీ ఏఎన్నార్ మొహంలోంచీ వస్తే ఊళ్లకి ఊళ్లు ఏడ్చాయి తప్ప ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. సుసాన్ చేసిన పొరపాటల్లా గొంతుకి తగిన మొహాన్ని అద్దెకి తెచ్చుకోకపోవడమే. 2010లో హాలెండువాళ్లు ‘ది వాయిస్’ అని ఒక షో పెట్టి, జడ్జీల కుర్చీలు వెనక్కి తిప్పారు. గొంతు నచ్చితేనే ఇటు తిరగాలి. ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఇంట్లో మనం మాత్రం పాడేవాళ్ల మొహాన్నే చూస్తూ ఉంటాం, తిరిగిన జడ్జీ మొహంలో విస్మయం ఎంత పలుకుతుందా అని.

మన దగ్గరా జరిగింది. 2018లో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరు నుంచి ఒక వ్యవసాయ కూలీ పాడిన పాట ఫోన్లన్నీ తిరిగింది. సంగీత దర్శకుడు కోటి అవకాశమిచ్చారు, చిరంజీవి ఇంటికి పిలిచి సత్కరించారు. మంచి పనే. నాకు ముచ్చటేసింది మాత్రం, పొలం పని చేసేవాళ్లలో ఇంత ప్రతిభ ఉంటుందా అని చదువుకున్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టడం. నాట్ల పాటలు, కోతల పాటలు ఇన్నాళ్లూ ఏ ఏసీ గదిలో కట్టారనుకున్నారో మరి.

గ్లాస్గో జడ్జీల మీద నాకున్న అసలు అభ్యంతరం నిలకడ లేకపోవడం. ఒక్క పాటకే మాట మార్చేశారు. నిలకడ అంటే మా ఇంట్లో చూడాలి. మా మేనత్తకి పెళ్లిచూపులు జరిగాయి, నేను పుట్టకముందు. పెళ్లికొడుకు, వాళ్లమ్మ, పెద్దక్క. సరిగ్గా ముగ్గురు. “ఏదీ, ఓ పాట పాడమ్మా” అన్నారు. అత్త ఆభేరిలో కీర్తన ఎత్తుకుంది. తుంచి పాడడం తనకి చేతకాదు. సంగతులన్నీ వేసి, చరణం దాకా పాడింది. వీధిలో పాలు పోసే అతను సైకిల్ దిగి, మా ప్రహరీ గోడకి అవతల నిలబడిపోయాడట. లోపల ముగ్గురూ జంతికలు తింటూ విన్నారు. మొదట్లో నవ్వలేదు, చివర్లో కళ్లు తుడుచుకోలేదు. పెద్దావిడ చెయ్యి కడుక్కుని మా నాయనమ్మ వైపు తిరిగి, “పాటకేమండీ వదినగారూ, బ్రహ్మాండం. రంగే ఓ చాయ తగ్గింది,” అంది.

పాలతను మర్నాడూ ఆ వేళకే వచ్చి, గోడ దగ్గర కాసేపు సైకిల్ ఆపి చూశాడట.