ఆటపాకలో పిల్లలకు నీటి కథ కూడా చెప్పండి

కొల్లేటి ఒడ్డున ఆటపాకలోని పర్యావరణ విద్యా కేంద్రానికి పిల్లలను ఒక రోజు తీసుకువెళ్ళమని చెబుతూ మీరు ప్రచురించిన వ్యాసం సమయోచితంగా ఉంది. గత శీతకాలంలో ఆకివీడు నుంచి మా మనవరాలితో నేనూ వెళ్ళాను. లోపల పక్షుల బొమ్మల దగ్గర అయిదు నిమిషాలైనా నిలవని ఆ పిల్ల, బయట నీటిలో నిలిపిన ఇనుప స్టాండ్లపై ఒక గూడబాతు (పెలికాన్) కూన తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపను అందుకోవడం చూసి, అరగంట సేపు కదలలేదు.

అయితే వ్యాసంలో పక్షులున్నంతగా నీరు లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులెన్నో వచ్చి చేరుతుండగా, సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటేనని, వేసవిలో మట్టం తగ్గినప్పుడు అదే దారిన ఉప్పునీరు ఎగదన్నుతుందని నేను మట్టిలో పుల్లతో గీసి చూపించాను. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన ఈ సరస్సును చేపల చెరువుల గట్లు ఎంతగా ఇరుకు చేశాయో దారిలోనే కనిపిస్తుంది. ఉపాధ్యాయులు బస్సును అక్కడ కాసేపు ఆపించి, పిల్లలకు ఆ గట్లను కూడా చూపించాలని నా విన్నపం.