ఇరవై అడుగుల అన్న

కుర్రకారులో నాయకత్వం కరువైందని బాధపడే పెద్దలు ఒకసారి హైదరాబాద్‌లో మా గల్లీకి రావాలి. మాకు మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, నాయకులు మాత్రం రోజూ పుడతారు. అందుకు రుజువు మలుపులో కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ.

అందులో అన్న తెల్లచొక్కా వేసుకుని, ఫోను చెవికి ఆనించి, ఎటో దూరంగా చూస్తుంటాడు. అవతల ఎవరున్నారని అడగకూడదు. పైన పార్టీ పెద్దలు హోదాను బట్టి చిన్నా పెద్దా సైజుల్లో, కింద తమ్ముళ్లు పాస్‌పోర్టు ఫొటోల్లో. ఆ కింది వరసలో చోటుకి చందా 500. నిరుడు పేరు తప్పు పడిందని ఒక తమ్ముడు ఏకంగా పార్టీయే మారాడు. సిద్ధాంతం కోసం మారామనే వాళ్లకంటే అతని కారణమే నాకు గట్టిగా తోచింది.

ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు. ఏడాదికో అడుగు పెరుగుతూ 60 అడుగులు కావడానికి 2014 దాకా పట్టింది. మా అన్నకి అంత ఓపిక లేదు. రెండే పుట్టినరోజుల్లో ఆరడుగుల నుంచి ఇరవైకి వెళ్లాడు. నిమజ్జనం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

చట్టం 18 ఏళ్లకు ఓటిచ్చింది, 21కి కార్పొరేటర్‌గా, 25కి ఎమ్మెల్యేగా పోటీ చేయనిస్తుంది. 'యువ' నాయకుడు ఎన్నేళ్లకు ముసలివాడవుతాడో మాత్రం ఎక్కడా రాయలేదు. మా అన్నకి 43. పెద్దకొడుకు ఇంటర్.

ఇక సేవ. మా సందులో వీధిదీపం మూడు వారాలుగా వెలగట్లేదు. డిగ్రీ చదివే పక్కింటి అమ్మాయి కంప్లయింటుకి ఫోన్ చేస్తే, స్తంభం నంబరు చెప్పమన్నారు. వెళ్లి చూస్తే నంబరు మీద అన్న కుడి భుజం. పాపం, మర్యాదగా అన్నకే ఫోన్ చేసింది.

"అన్నా, మీ ఫ్లెక్సీ జర పక్కకు జరిపిస్తరా?"

"నువ్వు ఎవరి మనిషివి?"

ఆ అమ్మాయి కుర్చీ తెచ్చుకుని ఎక్కి, ఫ్లెక్సీ అంచు ఎత్తి, టార్చి వేసి నంబరు చదివింది. రెండు రోజుల్లో దీపం వెలిగింది. మూడో రోజు అదే స్తంభానికి కొత్త ఫ్లెక్సీ: 'మా గల్లీకి వెలుగు తెచ్చిన అన్నకు ధన్యవాదాలు.' ఈసారి నంబరు మీదికి అన్న ఛాతీ వచ్చింది.

పర్లేదట, నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకుందట. ఏ పేరుతో అని అడిగాను.

"అన్న భుజం" అంది.