నీలి రంగు కనబడితే ఫ్యూజనేనా?

సియోనా బెంజమిన్ అనే చిత్రకారిణి వేసిన నీలి ఒంటి మనిషి బొమ్మ ఒకటి మొన్న ఫ్రెండ్‌కి పంపితే రెండు నిమిషాల్లో రిప్లై. “కృష్ణుడి రంగు పట్టుకెళ్లి యూదుల బొమ్మకి పూసింది. మంచి ఫ్యూజన్!” ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పట్టుకెళ్లడం ఏంటి? ఆవిడ బొంబాయిలో పెరిగిన బెనె ఇజ్రాయెల్ యూదురాలు. చదివింది క్యాథలిక్, పార్సీ స్కూళ్లలో. ఇప్పుడు ఉండేది అమెరికాలో. బెనె ఇజ్రాయెల్ వాళ్లు ఒకప్పుడు కొంకణ్ ఊళ్లలో గానుగ ఆడించి నూనె తీసేవాళ్లు. యూదుల విశ్రాంతి రోజైన శనివారం మాత్రం గానుగ కదిలేది కాదు, అందుకే వాళ్లకి ‘శనివార్ తేలీ’ (శనివారపు నూనెవాళ్లు) అని పేరు. మొక్కు తీరితే ఏలీయా ప్రవక్త పేరు చెప్పి అటుకులు, కొబ్బరి, పంచదార, పండ్లతో మలీదా పళ్లెం పెడతారు. ఇంతగా ఈ నేలలో కలిసిపోయిన ఇంటి పిల్లకి నీలం పరాయి రంగా? (అన్నట్టు, మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ అనే యూదుల సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, ఉందని ఎంతమందికి తెలుసు?)

‘ఫైండింగ్ హోమ్’ సిరీస్‌లో ‘తిక్కున్ హా-ఓలమ్’ చూడండి. లోకాన్ని బాగుచేయడం అని ఆ మాటకి అర్థం. నీలి ఒంటి స్త్రీ, అమ్మవారికి ఉన్నట్టు బోలెడు చేతులు. కాసేపు అలాగే చూస్తే ఆ చేతులే యూదుల మెనోరా దీపస్తంభం కొమ్మలైపోతాయి. ఏది ముందు కనబడిందో చెప్పలేం. అతికించిన గీత ఎక్కడుందో చూపించమనండి!

లిలిత్ బొమ్మ ఇంకో తీరు. యూదుల పాత కథల్లో ఆదాము మొదటి భార్య ఆమె. లొంగి ఉండనని వెళ్లిపోతే దయ్యాన్ని చేసేశారు. సియోనా ఆమెకి కామిక్ పుస్తకంలో లాగా మాటల బుడగ ఇచ్చి, పగ సంగతి ఆమె నోటితోనే చెప్పించింది.

అన్నీ నచ్చాయని కాదు. కొన్ని బొమ్మల్లో గుర్తులు మరీ కుక్కేస్తుంది, చూడటం మానేసి పజిల్ విప్పుతున్నట్టు ఉంటుంది.

“బొమ్మలే వద్దన్న మతంలో ఇదేం పని” అని కూడా అన్నాడు మావాడు. 1300 ప్రాంతంలో జర్మనీలో తయారైన హగ్గదా ఒకటి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. పస్కా రాత్రి చదువుకునే పుస్తకం. అందులో యూదుల్లో చాలామందికి పక్షి తలలు! ముక్కులేసుకుని పులియని రొట్టెలు చేస్తుంటారు. ఆ పేజీ ఫొటో పంపి, ఇది దేనికీ దేనికీ ఫ్యూజనో చెప్పమన్నాను. నీలి టిక్కులైతే పడ్డాయి.